బేస్‌బాల్‌కి పులిహోర తీసుకెళ్లవచ్చు

అమ్మానాన్నలను మొదటిసారి బేస్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్లినప్పుడు టికెట్లు శనివారానికి కొన్నాను. అది తప్పని స్టేడియం దగ్గరికి వెళ్లేదాకా తట్టలేదు. మాది కదిరి పక్క పల్లె. మా ఇంట్లో శనివారం నరసింహస్వామి వారం, ఆ రోజు కోడిగుడ్డు కూడా పొయ్యి ఎక్కదు. ఇక్కడ చూస్తే వీధి పొడవునా పెనాల మీద మాంసం కూరిన సాసేజీలు చిటపటలాడుతున్నాయి, ఆ పొగలోంచే నడవాలి. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న సంతకు వచ్చినట్టు రెండు పక్కలా చూసుకుంటూ నడిచి, గేటు దగ్గర ఆగి, "ఒరే, మూడు గంటలు కూర్చోవాలంటున్నావు, మనం తినేది ఏమైనా దొరుకుతుందా ఇక్కడ?" అని అడిగారు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ముగ్గురం బంగాళాదుంప ఫ్రైస్ తిని, ఇంటికి వచ్చి రాత్రి పదకొండు గంటలకు పెరుగన్నం కలుపుకున్నాం. ఆ తర్వాత వాళ్లు మరో మూడుసార్లు వచ్చారు, అత్తామామలు వచ్చారు, ఊరి నుంచి స్నేహితులు వచ్చారు. అమెరికాలో నేనుండే సియాటిల్‌కి ఎవరు వచ్చినా ఒక మ్యాచ్ చూపించడం నాకు అలవాటైపోయింది. నాన్న ప్రశ్నకు ఇప్పుడు తీరిగ్గా జవాబు చెప్పగలను. నేను చెప్పేదంతా సియాటిల్ మారినర్స్ జట్టు ఆడే టీ-మొబైల్ పార్క్ గురించి. 1999లో తెరిచిన ఈ స్టేడియాన్ని 2018 దాకా సేఫ్‌కో ఫీల్డ్ అనేవాళ్లు, పాతకాపులు ఇప్పటికీ అలాగే అంటారు. మీరు వేరే ఊళ్లో ఉంటే రుచులు, నిబంధనలు మారతాయి. తినే పద్ధతి మాత్రం పెద్దగా మారదు.

ముందు గడియారం చూసుకోండి

బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి. మధ్యలో రెండు నిమిషాల పైచిలుకు విరామం. క్రికెట్‌లోలాగా భోజన విరామం, టీ విరామం అంటూ ఏమీ లేవు. అందుకే ఇక్కడ ఆట చూస్తూనే తినాలి.

ఒకప్పుడు అది పెద్ద సమస్య కాదు. ఫ్రైస్ కోసం వెళ్లి పావుగంట నిలబడి తిరిగి వచ్చినా అదే బ్యాటర్ చేతి తొడుగులు బిగించుకుంటూ కనిపించేవాడు. 2023లో పిచ్చర్లకు, అంటే బంతి వేసేవాళ్లకు, గడియారం పెట్టారు. పరుగు తీసేవాళ్లు ఆగే చోట్లను బేసులంటారు, వాటి మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయాలి. ఉంటే అప్పట్లో 20 సెకన్లు, మరుసటి ఏడు దాన్ని 18కి తగ్గించారు. ఆ ఒక్క మార్పుతో మూడు గంటలు దాటే ఆట సగటున 2 గంటల 40 నిమిషాలకు వచ్చింది. ఆటకు మంచిదే. తిండికి మాత్రం దెబ్బ. ఇప్పుడు ఒక్క పొట్లం ఫ్రైస్ ఖరీదు డబ్బుతో పాటు ఒక ఇన్నింగ్స్ కూడా.

కాబట్టి కడుపు నింపే తిండి ఆట మొదలు కాకముందే ముగించండి. లోపల కొనాల్సి వస్తే విరామంలో లేవకండి. నలభై వేల మందికి అదే ఆలోచన వస్తుంది. రెండో ఇన్నింగ్సో మూడో ఇన్నింగ్సో నడుస్తుండగా, మనకు ఇష్టంలేని బ్యాటర్ వచ్చినప్పుడు లేచి వెళ్లండి. అలాంటి వాడు ప్రతి జట్టులోనూ ఒకడు ఉంటాడు.

పులిహోర కట్టే విధానం

చాలామంది మనవాళ్లకు తెలియని సంగతి, ఈ స్టేడియంలోకి ఇంటి తిండి రానిస్తారు. సినిమా హాళ్ల అలవాటు కొద్దీ మనం అడగను కూడా అడగం. అమెరికాలో అన్ని స్టేడియాలూ ఇంత ఉదారంగా ఉండవు. బయలుదేరే ముందు జట్టు వెబ్‌సైటులో సంచులు, ఆహారం గురించిన పేజీ ఒకసారి చదవండి. అది ఏటా మారుతూ ఉంటుంది.

ఇక్కడ నియమం ఏమిటంటే ఎవరి వాటా వాళ్లకు విడిగా ఉండాలి. కుటుంబానికంతా ఒక గిన్నెడు అన్నం పట్టుకెళితే గేటు దగ్గర వాదన మొదలవుతుంది. మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, మనిషికి ఒకటి, అందులోనే ఒక చెంచా. స్టీలు క్యారియర్ వద్దు. గాజు సీసాలో ఆవకాయ అసలే వద్దు. మూత తీయని మామూలు నీళ్ల సీసా, 32 ఔన్సులది, అంటే లీటరుకు కాస్త తక్కువది, తీసుకెళ్లవచ్చు. ఈ నీళ్ల సీసా మరచిపోతే లోపల ఒక్క సీసాకు ఇచ్చే డబ్బు చాలాకాలం గుర్తుంటుంది. ఇంటి టీ మీద ఆశ వదులుకోండి.

ఏం కట్టాలన్నది అమ్మ, నేను కలిసి కొన్ని మ్యాచ్‌లు పాడుచేసుకుని తేల్చాం. పెరుగన్నం ఎండలో పులుస్తుంది. ఉప్మా చల్లారితే ఇటుకే. చపాతీ, కూర అంటే రెండు చేతులూ కావాలి, ఫౌల్ బంతి, అంటే గీత బయటికి ఎగిరిన బంతి, మన మీదికి వస్తే కూర ముందు వరుసవాళ్ల మీదికి పోతుంది. చింతపండు పులిహోర అన్నింటికంటే నయం. పొద్దున కలిపితే సాయంత్రానికి ఇంకా బాగుంటుంది, చల్లగా తిన్నా రుచి తగ్గదు, ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో చెంచా. ఇంగువ కాస్త తగ్గించండి, పక్కన కూర్చున్నవాళ్లూ మనుషులే. గేటు దగ్గర సంచి చూసే ఆవిడ మా డబ్బా మూత ఎత్తి, వాసన చూసి, "ఇందులో ఏమేమి వేస్తారు?" అని అడిగింది. అమ్మ తెలుగులోనే మొత్తం చెప్పింది, ఆవపొడితో సహా. ఆవిడ తలూపి పంపించింది.

వీధిలో ఏం కొనాలి

స్టేడియంలోకి అడుగు పెట్టకముందే తినదగ్గవి ఉన్నాయి. ఈ స్టేడియానికి ఉత్తరాన ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. రెండింటినీ కలిపే ఆక్సిడెంటల్ అవెన్యూలో మ్యాచ్ రోజుల్లో బండ్లు బారులు తీరుతాయి. లోపల నోట్లు తీసుకోరు, కార్డో ఫోనో ఉండాలి. వీధి బండ్ల కోసం మాత్రం జేబులో కాసిని నోట్లు ఉంచుకోండి.

ఇక్కడి ప్రత్యేకత సియాటిల్ డాగ్. హాట్ డాగ్ అంటే బన్నులో పెట్టిన సాసేజీ, ఇక్కడ దానికి క్రీమ్ చీజ్ కూడా వేస్తారు. వినగానే నాకూ వెగటుగానే అనిపించింది. ఒకసారి బండి పక్కన నిలబడి చూడండి. సాసేజీని నిలువునా చీల్చి, తెరిచిన వైపు పెనానికి ఆనేలా బోర్లిస్తారు. పక్కనే పొడవుగా కోసిన ఉల్లిపాయలు కుప్ప పోసి ఉంటాయి. అంచులు నల్లబడి లోపల తియ్యగా మెత్తబడేదాకా వాటిని కదపరు. బన్నును కూడా పెనం మీద వెచ్చచేసి, గోడ పగుళ్లకు మందు పూసే గొట్టం లాంటి దానితో దాని లోపల క్రీమ్ చీజ్ ఒక గీత గీస్తారు. పైన సాసేజీ, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి లాంటి హలపీన్యో ముక్కలు. వేడికి చీజ్ కరిగి ఉల్లిపాయల్లో కలుస్తుంది. మిర్చి కారానికి ఆ చల్లదనం మందు.

ఇందులో మనకు కావలసిన అసలు రహస్యం, సాసేజీ లేకుండా కూడా అది బాగుంటుంది. రెండో పర్యటనలో, అదీ శనివారమే, అమ్మకు అలా చేయించాను. "పెనం ఒక మూల శుభ్రంగా గీకి, కొత్త ఉల్లిపాయలు వేయండి, మాంసం వద్దు" అని అడిగాను. రద్దీ లేనప్పుడు, మర్యాదగా అడిగితే చాలామంది చేస్తారు. ఆ బండి కుర్రాడు సగం డబ్బే తీసుకున్నాడు. అమ్మ రెండు కొరుకులు కొరికి, "ఉల్లికారం దోసెలో దోసె తీసేసి బన్ను పెట్టినట్టుంది" అంది. పొగడ్తో తెగడ్తో తెలియలేదు కానీ, మొత్తం తినేసింది.

మాంసం తినేవాళ్లకు ఒక మాట. గొడ్డు మాంసం తినని ఇళ్లు మనలో ఎక్కువ. ఫ్రాంక్ అని రాసి ఉంటే చాలావరకు అదే. పోలిష్ అన్నది పంది మాంసం కావచ్చు, రెండూ కలిపింది కావచ్చు. పేరును నమ్మి కొనకండి, ప్రతి బండి దగ్గరా అడగండి. కొన్ని చోట్ల కోడి మాంసం సాసేజీ కూడా ఉంటుంది. శాకాహార సాసేజీ అని రాసిన చోట కూడా అన్నింటికీ అదే పెనం అని మరచిపోకండి.

పేరు చూసి మోసపోయేవి

ఈ భాగం మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఇక్కడి తిండి బోర్డుల మీద మనకు పచ్చిమిర్చిలా వినిపించే మాట ఒకటుంది, చిల్లీ. చిల్లీ ఫ్రైస్, చిల్లీ డాగ్, మొక్కజొన్న చిప్స్ మీద చీజ్ పోసే చిల్లీ చీజ్ నాచోస్. దాని అర్థం మిరపకాయ కాదు, కైమా చేసిన మాంసం, ఎక్కువగా గొడ్డు మాంసం, చిక్కుళ్లతోనో లేకుండానో ఉడికించిన కూర. వేరే నగరంలో ఒక స్టేడియంలో మా స్నేహితుడి నాన్నగారు "కాస్త కారంగా ఉన్నది తీసుకో" అంటే మావాడు చిల్లీ నాచోస్ తెచ్చాడు. ఆయన సగం తిన్నాక ఇవి ఏ గింజలని అడిగారు. మావాడు బల్ల మీది రసీదు చదివాడు. తర్వాత నాలుగు ఇన్నింగ్స్ ఎవరూ మాట్లాడుకోలేదు.

పెప్పరోనీలో పెప్పర్ ఉన్నా అది మిరియాల వంటకం కాదు, పంది, గొడ్డు మాంసాలతో చేసే సాసేజీ ముక్క. క్లామ్ చౌడర్ అనే గుల్లల సూపు ఈ ఊరి గర్వకారణం, చలి రాత్రుల్లో సముద్రపు గుల్లలు తినేవాళ్లకు అంతకు మించింది లేదు, కానీ అందులో తరచు పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. ఫ్రైస్ శాకాహారమే అయినా చేపా కోడీ వేగిన నూనెలోనే వేగి ఉండవచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు అడగాలి, లేనివాళ్లు అడగకపోవడమే సుఖం.

నాచోస్ సంగతి ఎత్తాను కనుక చెబుతాను. గొట్టంలోంచి పసుపు చీజ్ కారే ఈ స్టేడియం నాచోస్ పుట్టింది టెక్సస్‌లో. 1976లో ఆర్లింగ్టన్ స్టేడియంలో ఫ్రాంక్ లిబెర్టో అనే వ్యాపారి మొదలుపెట్టాడు. చీజ్ తురిమి కరిగించే తీరిక లేక, ఎప్పుడూ కరిగే ఉండే సాస్ తయారు చేశాడు. వరుస కదలాలి, అంతే. వ్యాపారిగా ఆయనకు దండం పెడతాను. తినేవాడిగా నా అభిప్రాయం వేరు. మొదటి మూడు ముక్కలు అద్భుతం, పదో ముక్కకు చీజ్ మీద మీగడలాంటి పొర కడుతుంది, ఇరవయ్యోది నమలడానికి మనసొప్పదు. ఊరవేసిన హలపీన్యోలు అదనంగా అడిగి వేయించుకోండి, మా ఇంట్లో చివరికి మిగలనివి అవే.

వెల్లుల్లి ఫ్రైస్, మిడతలు

లోపల ఒక్కటే కొనండి అంటే నేను వెల్లుల్లి ఫ్రైస్ అంటాను. పచ్చి వెల్లుల్లి తరుగు నూనెలో తడిపి, కొత్తిమీరను పోలిన పార్స్లీతో కలిపి, వేడి ఫ్రైస్ మీద ధారాళంగా వేస్తారు. మన సంచిలో చిన్న పొట్లం కారప్పొడి ఉంటే వాటి జన్మ ధన్యం. ఒక పొట్లం ఇద్దరికి. ఒక్కరే తింటే మరునాడు ఆఫీసులో ఇబ్బంది. ఈ ఊళ్లో ఫ్రైస్‌కి వేరే గౌరవం కూడా ఉంది. 2007లో ఒక అభిమాని ఫౌల్ బంతి అందుకోబోయి తన ఫ్రైస్ ఒలకబోసుకున్నాడు. టీవీలో వ్యాఖ్యానం చెబుతున్న మైక్ బ్లోవర్స్ అతనికి మరో పొట్లం పంపించాడు. అప్పటినుంచి ఫ్రైస్ కావాలని అట్టలు పట్టుకుని వచ్చేవాళ్లు తయారయ్యారు, వాటికి ర్యాలీ ఫ్రైస్ అని పేరు పడింది. మా అమ్మాయి రెండేళ్లు అట్ట రాసింది. రాలేదు.

ఇక మిడతలు. నిజమే, మిడతలు. 2017 నుంచి ఇక్కడ మెక్సికోలోని ఒహాకా పద్ధతిలో వేయించి, కారం, నిమ్మ, ఉప్పు కలిపి చిన్న గిన్నెల్లో అమ్ముతున్నారు. అవి ఎంత త్వరగా అయిపోయాయంటే, ఆటకు 312 గిన్నెలే అని పరిమితి పెట్టారు. మారినర్స్ దిగ్గజం ఎడ్గర్ మార్టినెజ్ బ్యాటింగ్ సగటు .312, ఆ లెక్కన. అమెరికన్ పిల్లలు వాటిని పందెం వేసుకుని కళ్లు మూసుకుని తింటారు. నేనూ అలాగే తిన్నాను. నాన్న ఒక బుధవారం మ్యాచ్‌లో గిన్నె చేతిలోకి తీసుకుని, ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలారు. "ఉసిళ్లు ఇంతకన్నా కమ్మగా ఉంటాయి" అన్నారు. తొలకరి రాత్రి దీపం కింద గిన్నెలో నీళ్లు పెట్టి పట్టి, వేయించి, బొరుగుల్లో కలుపుకుని తిన్న మనిషి ఆయన. ఆయన ముందా మిడతల ప్రతాపం! గిన్నె మొత్తం ఖాళీ చేశారు. ముందు వరుస కుర్రాళ్లు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు.

చెనక్కాయలు

వేరుశెనగను మా వైపు చెనక్కాయలంటాం. ఇంతదాకా చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఈ ఆటకు తగిన తిండి ఏదని అడిగితే నేను రెండో పేరు చెప్పను. చల్లారే భయం లేదు, కారే భయం లేదు. కళ్లు మైదానం మీద ఉంటాయి, వేళ్లు తమ పని తాము చేసుకుపోతాయి. పిచ్చర్ బంతి వేసే లోపు ఒక కాయ ఒలుచుకోవచ్చు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడే 1908 నాటి పాటలో కూడా వేరుశెనగలు, క్రాకర్ జాక్ కొనిపెట్టమనే అడుగుతారు. క్రాకర్ జాక్ అంటే పాకం పట్టిన పాప్‌కార్న్, పల్లీలు. మన పల్లీ పట్టీకి దూరపు చుట్టం. ఒకప్పుడు పెట్టెలో చిన్న బొమ్మ ఉండేది, 2016లో అది తీసేశారు. ఇక ఎందుకు కొనాలో నాకైతే తెలియదు.

చెనక్కాయలు లోపల కొనకండి. వీధి బండి మీద సంచి చవక, తాజాగా కూడా ఉంటుంది, నిశ్చింతగా లోపలికి తీసుకెళ్లవచ్చు. కొనేముందు సంచిని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. గలగలమంటే బాగా వేగి ఆరినవి. మెత్తగా చప్పుడైతే తేమ పట్టింది, పక్క బండికి నడవండి. ఉప్పువి, ఉప్పు లేనివి రెండూ ఉంటాయి. ఉప్పువి రుచే, కానీ లోపల నీళ్ల ధర గుర్తు పెట్టుకోండి. ఇద్దరికి ఒక సంచి చాలు. అందులో గుప్పెడు చివరికి దాచండి, స్కోరు సమమైతే ఆట ఎంతసేపు సాగుతుందో చెప్పలేం. 2025 అక్టోబరులో డెట్రాయిట్ జట్టుతో ఇక్కడ జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్ 15 ఇన్నింగ్స్, దాదాపు ఐదు గంటలు సాగింది. నేను ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను కనుక ఆకలితో చావలేదు.

ఒక జాగ్రత్త. వేరుశెనగ పడని పిల్లలు ఈ దేశంలో ఎక్కువగా కనిపిస్తారు, పడకపోవడమంటే ప్రాణం మీదికి రావచ్చు. పక్క సీట్లో చిన్నపిల్లలుంటే సంచి విప్పే ముందు వాళ్ల తల్లిదండ్రులను అడగండి. కొన్ని మ్యాచ్‌లకు వేరుశెనగ లేని సీట్లు విడిగా అమ్ముతారు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న చేతికి మొదటిసారి ఆ సంచి ఇచ్చాను. అంతకుముందు వచ్చినప్పుడల్లా ఎందుకో తట్టనే లేదు, యాభై ఏళ్లు చెనక్కాయ పండించిన మనిషికి చెనక్కాయలు కొనిపెట్టడమేమిటని కాబోలు. ఆయన ఒకటి తీసి అరచేతిలో దొర్లించారు. మా పొలంలో వేసేది కె-6, కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం, చిన్న కాయ. ఇది దానికి రెట్టింపు ఉంది, వర్జీనియా రకం. డొల్ల మీద గీతలు లోతుగా, నడుము సన్నగా. బొటనవేలితో ముక్కు మీద నొక్కి టప్పున విప్పారు. గింజ నోట్లో వేసుకుని ఆగిపోయారు.

"డొల్ల పగలలేదు. లోపలికి ఉప్పు ఎట్లా పోయింది?"

ఉప్పునీళ్లలో వేసి, గాలి లాగేసే యంత్రంతో ఆ నీళ్లు లోపలికి దిగేలా చేసి, తర్వాత వేయిస్తారని చెప్పాను. "మనం ఉడకేస్తే పోదా ఏమి? దానికి యంత్రమెందుకు" అన్నారు. సంచి ధర అడిగారు. చెప్పాను. రూపాయల్లోకి మార్చుకున్నారు, క్వింటాలుకు లెక్క కట్టుకున్నారు, ఆ తర్వాత రెండు ఇన్నింగ్స్ దాకా నోరు విప్పలేదు. వేళ్లు మాత్రం ఆగలేదు.

ఇక్కడ డొల్లలు కాళ్ల దగ్గరే పడేయాలి. అది మర్యాద తప్పడం కాదు, అందరూ చేసేదే. అమ్మకు ఎంత చెప్పినా చేతులు రాలేదు. పులిహోర తెచ్చిన కవరులో తన డొల్లలు, నాన్నవి, చివరికి పక్క సీటు ముసలాయనవి కూడా ఏరి వేసింది. ఆయన మురిసిపోయి తన సంచి అమ్మ ముందు పెట్టాడు.

ఆట అయ్యాక రద్దీ తగ్గేదాకా కూర్చున్నాం. పై వరుసల్లోకి శుభ్రం చేసేవాళ్లు వచ్చారు, వీపున గాలి యంత్రాలు తగిలించుకుని. గొట్టం ఊపుతూ వరుస వెంబడి నడుస్తుంటే డొల్లలన్నీ లేచి, ఎగిరి, కింది మెట్ల మీదికి కుప్పగా పడుతున్నాయి. నాన్న లేవబోయి మళ్లీ కూర్చున్నారు. మోచేత్తో అమ్మను పొడిచి చూపించారు.

"చూడు, తూర్పార పడుతున్నారు."